పైసా పెట్టకుండా హార్త్‌స్టోన్: ముప్పై ఉచిత కార్డుల మేజ్ డెక్

హార్త్‌స్టోన్ అనే ఆన్‌లైన్ కార్డుల ఆట మొదలుపెట్టిన వారందరూ అడిగే ప్రశ్న ఒకటే: డబ్బు పెట్టకుండా ఈ ఆటలో గెలవగలమా? గెలవగలమని చెప్పేవారు చాలామందే ఉన్నారు కానీ, వారు చూపించే డెక్ (ఆటకు ముందే ఎంచుకున్న కార్డుల కట్ట) మాత్రం సాధారణంగా నెలల తరబడి పోగుచేసిన కార్డులతో కట్టినదై ఉంటుంది. ఈ టపాలో నేను మాట్లాడదలచుకున్నది అటువంటి డెక్ గురించి కాదు. 2014 మార్చిలో ఆట విడుదలైన నాటి నుంచి 2021 మార్చి దాకా కొత్తగా చేరిన ప్రతి ఆటగాడికీ ఉచితంగా దక్కిన ‘బేసిక్’ కార్డులను మాత్రమే వాడి, కొత్త కార్డులుండే ప్యాకు ఒక్కటి కూడా తెరవకుండా కట్టగలిగిన మేజ్ డెక్ గురించి. (ఆటగాడు ఎంచుకునే పాత్రల రకాలను క్లాసులంటారు; మేజ్ అంటే మంత్రగాడి క్లాసు.) ఈ డెక్‌తో ఆటలో అన్నిటికన్నా పైదైన లెజెండ్ ర్యాంకు చేరవచ్చని నేను ఆశ పెట్టను. అయితే ఇందులో ప్రతి కార్డూ ఒకే ఒక్క పని చేస్తుంది కాబట్టి, గెలిచినా ఓడినా అది ఏ నిర్ణయం వల్ల జరిగిందో స్పష్టంగా కనబడుతుంది. ఖరీదైన డెక్కులలో ఆ సౌకర్యం ఉండదు.

ఆట తెలియని వారి కోసం రెండు మాటలు. ఇద్దరు ఆటగాళ్లకూ చెరి 30 హెల్త్, చెరి 30 కార్డుల డెక్ ఉంటాయి. ఒకే కార్డును రెండుసార్లకు మించి పెట్టుకోకూడదు, అతి అరుదైన లెజెండరీ కార్డు అయితే ఒక్కసారే. మొదటి టర్నులో 1 మానా (కార్డులు వేయడానికి ఖర్చుపెట్టే శక్తి), రెండో టర్నులో 2, అలా 10 దాకా పెరుగుతుంది. ఆ మానా ఖర్చుపెట్టి బోర్డు మీద మినియన్లను (మన తరఫున పోరాడే జీవులను) దింపడమో, స్పెల్ (మంత్రం) వేయడమో, 2 మానాతో హీరో పవర్ (క్లాసుకు సొంతమైన శక్తి) వాడడమో చేయాలి. మినియన్ల బలాన్ని రెండు అంకెలతో చెబుతారు: 4/5 అంటే అటాక్ 4, హెల్త్ 5. ఎదుటివాడి హెల్త్ సున్నాకు దిగితే మనం గెలిచినట్టు.

కార్డుల ఆట అనగానే మన ఇళ్లలో పెద్దవాళ్లకు పేకాట గుర్తుకొస్తుంది, ఆ వెంటనే ఆన్‌లైన్ రమ్మీలో కూలిన కుటుంబాల కథలు గుర్తుకొస్తాయి. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ డబ్బు పందెంగా ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. హార్త్‌స్టోన్‌లో పందెం లేదు, గెలిచిన డబ్బు చేతికి రావడం లేదు, కాబట్టి ఇది ఆ కోవలోకి రాదు. కానీ డబ్బు పెట్టి కొనే ప్యాకులో ఏ కార్డు వస్తుందో ముందుగా తెలియదనే సంగతిని మాత్రం ఇంట్లో పిల్లలకు ఆట నేర్పేవారు మరచిపోకూడదు. ఉచిత డెక్‌తో మొదలుపెట్టమని నేను పట్టుబట్టడానికి అదీ ఒక కారణమే.

ఇక మేజ్ ఎందుకు? మొదట్లో ఉన్న తొమ్మిది క్లాసులలోనూ ఉచితంగా వచ్చే స్పెల్స్ ఇంత బాగా ఉన్న క్లాసు మరొకటి లేదు. బేసిక్ సెట్‌లో మొత్తం 133 కార్డులు ఉండేవి: క్లాసుకు పదేసి చొప్పున 90, ఎవరైనా వాడుకోగలిగిన న్యూట్రల్ కార్డులు 43. మేజ్‌కు దక్కిన ఆ పదీ ఆర్కేన్ మిసైల్స్, మిర్రర్ ఇమేజ్, ఆర్కేన్ ఎక్స్‌ప్లోజన్, ఫ్రాస్ట్‌బోల్ట్, ఆర్కేన్ ఇంటెలెక్ట్, ఫ్రాస్ట్ నోవా, ఫైర్‌బాల్, పాలీమార్ఫ్, వాటర్ ఎలిమెంటల్, ఫ్లేమ్‌స్ట్రైక్. వీటిలో కనీసం నాలుగైదు కార్డులను వేల డస్ట్ (కార్డులు తయారుచేసుకోవడానికి ఆటలో వాడే ముడిసరుకు) విలువచేసే డెక్కులలో కూడా ఏళ్ల తరబడి వాడారు. 4 మానాకు 6 డ్యామేజ్ చేసే ఫైర్‌బాల్ కొత్తవాడి చేతిలోనూ, లెజెండ్ ర్యాంకు ఆటగాడి చేతిలోనూ ఒకే కార్డు. ఇతర క్లాసులకు ఉచితంగా వచ్చిన పది కార్డులనూ ఒక్కసారి చదివి చూస్తే తేడా తెలుస్తుంది. అప్పటి ట్యుటోరియల్‌లో హాగర్ నుంచి ఇల్లిడాన్ దాకా ఆరుగురు ప్రత్యర్థులతోనూ మేజ్ హీరో అయిన జైనాగానే ఆడించేవారు కాబట్టి, మేజ్ హీరో పవర్ చేతికి అలవాటైపోయి ఉండేదన్నది అదనపు సౌలభ్యం.

ఆ హీరో పవర్ పేరు ఫైర్‌బ్లాస్ట్. 2 మానా పెడితే బోర్డు మీద ఎవరికైనా సరే 1 డ్యామేజ్ చేస్తుంది. చూడడానికి అల్పంగా కనిపించే ఆ 1 డ్యామేజ్ జేబులోని చిల్లర వంటిది. లెక్క ఎక్కడైనా ఒక్క రూపాయి దగ్గర ఆగిపోయినప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఆడేవాళ్లు దీన్ని ‘పింగ్’ అంటారు. ఈ డెక్ మొత్తం ఆ పింగ్ చుట్టూనే కట్టబడిందని చెప్పవచ్చు.

న్యూట్రల్ కార్డులను ఎంచుకునేటప్పుడు ఒక చిన్న లెక్క ఉపయోగపడుతుంది. మినియన్‌కు ప్రత్యేక శక్తి ఏదీ లేనప్పుడు, దాని అటాక్, హెల్త్‌ల మొత్తం మానాకు రెట్టింపు కన్నా ఒకటి ఎక్కువగా ఉంటే అది పెట్టిన మానాకు తగిన కార్డు. 2 మానా బ్లడ్‌ఫెన్ రాప్టర్ 3/2, మొత్తం 5. 4 మానా చిల్‌విండ్ యెతి 4/5, మొత్తం 9. 6 మానా బౌల్డర్‌ఫిస్ట్ ఓగర్ 6/7, మొత్తం 13. ఈ మూడూ లెక్కకు సరిగ్గా సరిపోతాయి. 7 మానా వార్ గోలెమ్ 7/7 మాత్రమే, అంటే ఒకటి తక్కువ. పైగా ఏడో టర్ను దాకా చేతిలో పనిలేకుండా కూర్చుంటుంది. సెన్‌జిన్ షీల్డ్‌మాస్టా 4 మానాకు 3/5, మొత్తం 8 మాత్రమే కానీ దానికి టాంట్ ఉంది, అంటే ఎదుటి మినియన్లు ముందు దాన్ని కొట్టి తీరాలి, కాబట్టి తగ్గిన ఒక్కటీ టాంట్ ఖరీదు అనుకోవచ్చు. వాటర్ ఎలిమెంటల్ 3/6తో మొత్తం 9 ఉండగానే, తాను దెబ్బ వేసినవారిని ఫ్రీజ్ కూడా చేస్తుంది, అంటే తరవాతి దెబ్బ వేయకుండా గడ్డకట్టిస్తుంది. క్లాసు కార్డులు న్యూట్రల్ వాటికన్నా ఒక మెట్టు పైన ఉంటాయనడానికి ఇదే ఉదాహరణ.

అయితే మొత్తం ఒక్కటే చూసుకుంటే సరిపోదు, ఆ మొత్తం అటాక్, హెల్త్‌ల మధ్య ఎలా పంచబడిందన్నదీ చూడాలి. కొత్తవాళ్లకు ఎంతో నచ్చే మాగ్మా రేజర్ 3 మానాకు 5/1. మూడో టర్నులోనే 5 అటాక్ అంటే ఆకర్షణ ఉండడంలో వింత లేదు. కానీ ఎదుట మరో మేజ్ ఉంటే 2 మానా పింగ్‌తో అది పోతుంది. మనం ఒక కార్డూ 3 మానా పోగొట్టుకుంటే, వాడు కార్డేమీ ఖర్చుపెట్టలేదు. 3 మానా వుల్ఫ్‌రైడర్ 3/1 కథా అంతే. దానికి చార్జ్ ఉంది కాబట్టి దిగిన టర్నులోనే కొట్టగలదు, కానీ ఒక్క దెబ్బ వేశాక బోర్డు మీద నిలబడదు. హెల్త్ 1 ఉన్న మినియన్లను ఈ డెక్‌లోకి రానీయకపోవడం నా పట్టుదల.

ఆ పద్ధతిలో ముందుగా వేసుకున్న జాబితా ఇలా వచ్చింది, ప్రతి కార్డూ రెండేసి: 1 మానాకు ఆర్కేన్ మిసైల్స్, 2 మానాకు ఫ్రాస్ట్‌బోల్ట్, ఆసిడిక్ స్వాంప్ ఊజ్, బ్లడ్‌ఫెన్ రాప్టర్, 3 మానాకు ఆర్కేన్ ఇంటెలెక్ట్, రేజర్‌ఫెన్ హంటర్, షాటర్డ్ సన్ క్లెరిక్, 4 మానాకు ఫైర్‌బాల్, పాలీమార్ఫ్, వాటర్ ఎలిమెంటల్, చిల్‌విండ్ యెతి, సెన్‌జిన్ షీల్డ్‌మాస్టా, 5 మానాకు స్టార్మ్‌పైక్ కమాండో, 6 మానాకు బౌల్డర్‌ఫిస్ట్ ఓగర్, 7 మానాకు ఫ్లేమ్‌స్ట్రైక్. పదిహేను రకాలు, ముప్పై కార్డులు. చూడడానికి ముచ్చటగా ఉంది, ఏ మానా దగ్గరా ఖాళీ లేదు.

కానీ లెక్క వేసి చూస్తే రెండో టర్ను దగ్గర ఇబ్బంది కనిపిస్తుంది. ఇందులో 2 మానా మినియన్లు నాలుగే. ముందుగా ఆడే వ్యక్తికి మొదట మూడు కార్డులు వస్తాయి. నచ్చనివాటిని ఒకసారి మార్చుకునే అవకాశం, అంటే ములిగన్, ఉంటుంది. ఆ తరవాత టర్నుకు ఒక కార్డు తీస్తాడు. 2 మానా మినియన్ కోసం మిగిలిన కార్డులన్నింటినీ మార్చేసినా, రెండో టర్ను నాటికి కనీసం ఒకటి చేతిలో ఉండే అవకాశం దాదాపు 72 శాతమే. అంటే నాలుగు ఆటలలో ఒకదానిలో రెండో టర్నును ఊరికే పింగ్ చేసి గడపవలసి వస్తుంది. 2 మానాకు 2/3గా ఉండే రివర్ క్రోకలిస్క్‌ను రెండు చేర్చి ఆ నాలుగింటినీ ఆరు చేస్తే అవకాశం 86 శాతానికి పెరుగుతుంది. ఆట తొలి మినియన్ ఎవరు దింపారన్నదాని మీదే చాలాసార్లు మొగ్గుతుంది కాబట్టి, ఆ 14 శాతం నాకు చాలా విలువైనదిగా తోచింది.

మరి దేన్ని తీసేయాలి? నేను స్టార్మ్‌పైక్ కమాండోలను తీశాను. 5 మానాకు 4/2, దిగేటప్పుడు 2 డ్యామేజ్ చేస్తుంది. చెడ్డ కార్డు కాదు, కానీ హెల్త్ 2 మాత్రమే. ఇప్పుడు 5 మానా కార్డు ఒక్కటీ లేదు కదా అని మీరు అడగవచ్చు. మేజ్‌కు అది పెద్ద లోటు కాదు. ఐదో టర్నులో 2 మానా మినియన్‌తో పాటు 3 మానా కార్డు వేయవచ్చు, లేదా 3 మానా కార్డు వేసి పింగ్ చేయవచ్చు. ఆరో టర్నులో యెతి వేసి పింగ్ చేయవచ్చు. హీరో పవర్‌ను చేతిలో ఎప్పుడూ ఉండే 2 మానా కార్డుగా లెక్కగట్టుకుంటే మానా కర్వ్‌లోని (ఏ మానాకు ఎన్ని కార్డులున్నాయన్న వరసలోని) ఖాళీలు చాలావరకు పూడిపోతాయి.

మొదట్లో చేతిలో ఏం ఉంచుకోవాలన్నది కూడా ఈ లెక్కలోంచే వస్తుంది. ముందుగా ఆడేటప్పుడు 2 మానా మినియన్లను ఉంచుకుని, 4 మానా దాటినవాటిని మార్చేయాలి. ఫ్లేమ్‌స్ట్రైక్ ఎంత మంచి కార్డయినా మొదటి చేతిలో ఉంటే ఆరు టర్నుల పాటు నిరుపయోగం. రెండో వాడిగా ఆడేటప్పుడు నాలుగు కార్డులు వస్తాయి, వాటితో పాటు ఒక టర్నులో 1 మానా అదనంగా ఇచ్చే కాయిన్ కూడా వస్తుంది. కాయిన్ ఉన్నప్పుడు 2 మానా మినియన్ ఒకటీ, యెతి ఒకటీ ఉంచుకోవడం మంచిది. రెండో టర్నులో మినియన్ దింపి, మూడో టర్నులో కాయిన్ పెట్టి యెతిని దింపితే, ఎదుటివాడి 3 మానా మినియన్ల ముందు 4/5 నిలబడుతుంది. చాలామంది కాయిన్‌ను మొదటి టర్నులోనే పింగ్ కోసం ఖర్చుపెట్టేస్తారు, అది శుద్ధ దండగ.

ఇక ఆడే తీరు. ఈ డెక్ గెలిచేది ట్రేడ్ల వల్ల. ట్రేడ్ అంటే మన మినియన్‌తో ఎదుటి మినియన్‌ను కొట్టడం. మన చవక మినియన్ వాడి ఖరీదైనదాన్ని పట్టుకుపోతే, లేదా మనది బతికి వాడిది పోతే, అది మంచి ట్రేడ్. ఒక సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. ఆరో టర్ను, మనకు 6 మానా ఉంది. మన బోర్డు మీద దెబ్బ తినని యెతి, 4/5. ఎదుటివాడి బోర్డు మీద సెన్‌జిన్ 3/5, టాంట్‌తో. దాని పక్కన రాప్టర్ 3/2. మన చేతిలో ఓగర్, ఫైర్‌బాల్, ఫ్రాస్ట్‌బోల్ట్, క్రోకలిస్క్.

కొత్తవాడి చెయ్యి ఓగర్ మీదికే పోతుంది. 6 మానా ఉంది, 6 మానా కార్డు ఉంది, ఇంకేం కావాలి? కానీ ఓగర్‌ను దింపి, యెతితో సెన్‌జిన్‌ను కొడితే, సెన్‌జిన్‌కు 1 హెల్త్ మిగులుతుంది, మన యెతి 4/2 అవుతుంది, వాడి రెండు మినియన్లూ బతికే ఉంటాయి. తరవాతి టర్నులో వాడు 1 హెల్త్ మిగిలిన ఆ సెన్‌జిన్‌తోనే మన యెతిని కొట్టి పోగొడతాడు. అంటే చావబోతున్న మినియన్ మన మంచి మినియన్‌ను పట్టుకుపోయినట్టు. వాడి రాప్టర్ ఎలాగూ మిగిలే ఉంటుంది, కొత్తగా దింపేవాటితో కలిపి ఓగర్‌ను ఎప్పుడు, దేనితో కొట్టాలన్నది వాడి ఇష్టం. రెండో ఆలోచన ఫైర్‌బాల్. సెన్‌జిన్ పోతుంది కానీ 5 హెల్త్ మీద 6 డ్యామేజ్ వాడినట్టు; పైగా ఎదుటివాడి ముఖం మీద, అంటే నేరుగా వాడి హెల్త్ మీద, వేయవలసిన ఫైర్‌బాల్‌ను ఒక మామూలు మినియన్ మీద పోగొట్టుకున్నట్టు.

మూడోది ఇలా ఉంటుంది. యెతి సెన్‌జిన్‌ను కొడుతుంది, 5లో 4 పోయి 1 మిగులుతుంది. ఆ ఒక్కటికీ పింగ్, 2 మానా, సెన్‌జిన్ పోయింది. స్పెల్స్‌కూ హీరో పవర్‌కూ టాంట్ అడ్డం రాదు కాబట్టి, అవసరమైతే ఈ రెండింటి వరసను తిప్పి వేసినా ఫలితం ఒకటే. 3 డ్యామేజ్ చేసే ఫ్రాస్ట్‌బోల్ట్ రాప్టర్ మీద, ఇంకో 2 మానా, అదీ పోయింది. మిగిలిన 2 మానాతో క్రోకలిస్క్ దిగుతుంది. ఇప్పుడు వాడి బోర్డు ఖాళీ. మనకు యెతి 4/2, క్రోకలిస్క్ 2/3, చేతిలో ఫైర్‌బాల్, ఓగర్ భద్రంగా ఉన్నాయి. తరవాతి టర్నులో ఎవరిని ఎవరు కొట్టాలో తేల్చుకునేది మనం. బోర్డు మీద మినియన్లు ఉన్నవాడు ట్రేడ్‌ను ఎంచుకుంటాడు, లేనివాడు దాన్ని భరిస్తాడు. ఈ డెక్ ఆడినంత కాలం నా దృష్టి ఎప్పుడూ దాని మీదే ఉండేది.

వరసకు ప్రాముఖ్యం లేదనుకోకండి. పైన చెప్పిన సందర్భంలో లేదు కానీ, ఆర్కేన్ మిసైల్స్ చేతిలో ఉంటే తప్పకుండా ఉంటుంది. 1 మానా పెడితే 3 డ్యామేజ్‌ను ఎదుటివాళ్ల మీద యాదృచ్ఛికంగా చల్లుతుంది. కాబట్టి దాన్ని అన్నిటికన్నా ముందు వేయాలి. ఎవరికి ఎంత తగిలిందో చూశాక మిగిలిన దెబ్బల లెక్క వేసుకోవాలి. రెండు కార్డులు తీసుకోనిచ్చే ఆర్కేన్ ఇంటెలెక్ట్ కూడా అంతే, మానా మిగులుతుందంటే టర్ను మొదట్లోనే వేసి ఏం వచ్చిందో చూడాలి. టర్నుకు ఉన్న గడువు చివరికొచ్చేసరికి తెర మీద వత్తి కాలడం మొదలవుతుంది, ఆ కంగారులో ముందు మినియన్లతో కొట్టించేసి ఆ తరవాత కార్డులు తీసేవారిని చాలామందిని చూశాను.

మిగిలిన స్పెల్స్‌ను దేనికి దాచుకోవాలన్నది ఎదుటి క్లాసును బట్టి మారుతుంది. పాలీమార్ఫ్ ఎంత పెద్ద మినియన్‌నైనా 1/1 గొర్రెగా మార్చేస్తుంది. దాన్ని ఐదో టర్నులో కనిపించిన యెతి మీద వేసేస్తే, తొమ్మిదో టర్నులో వచ్చే లెజెండరీకి జవాబు ఉండదు. డబ్బు పెట్టి ఆడేవాళ్ల దగ్గర తప్పకుండా ఒక పెద్ద లెజెండరీ ఉంటుందన్న నమ్మకంతో నేను కనీసం ఒక పాలీమార్ఫ్‌నైనా చివరిదాకా దాచేవాణ్ని. ఆ పెద్ద కార్డు గొర్రెగా మారగానే ఎదుటివాడు ఆట వదిలేసి వెళ్లిపోయిన సందర్భాలు తక్కువేమీ కాదు. హార్త్‌స్టోన్‌లో తెలియనివాళ్లతో మాట్లాడుకోవడానికి ముందే రాసిపెట్టిన కొన్ని పలకరింపులు తప్ప మరేమీ ఉండవు కాబట్టి, వాళ్లేమన్నారో మనకు వినబడకపోవడం ఒక వరం.

ఫ్లేమ్‌స్ట్రైక్ విషయంలో ఓపిక కావాలి. బేసిక్ సెట్ రోజుల్లో అది 7 మానాకు ఎదుటి మినియన్లన్నిటికీ 4 డ్యామేజ్ చేసేది. ఏడో టర్ను దగ్గరపడుతోందని తెలిసి మనం ఒకటి రెండు టర్నులు బోర్డును కాస్త వదులుగా ఉంచితే, ఎదుటివాడు ఉత్సాహంగా మినియన్లను దింపుతూ పోతాడు. మూడింటిని ఒకే కార్డుతో తీసేస్తే మనం రెండు కార్డుల లాభంలో ఉన్నట్టు. ఇదే ఆలోచనను తిరగేస్తే, ఎదుట మేజ్ ఉన్నప్పుడు మనం ఎందుకు 5 హెల్త్ ఉన్న మినియన్లను ఇష్టపడాలో అర్థమవుతుంది. యెతి, సెన్‌జిన్, వాటర్ ఎలిమెంటల్, ఓగర్ నాలుగూ ఫ్లేమ్‌స్ట్రైక్ తగిలినా నిలబడతాయి.

ప్రీస్ట్‌తో ఆడేటప్పుడు మాత్రం ఒక చిన్న విషయాన్ని గుర్తుంచుకోవాలి, ఈ డెక్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి అది. ప్రీస్ట్‌కు ఉచితంగా వచ్చే స్పెల్స్‌లో షాడో వర్డ్ పెయిన్ అటాక్ 3 లేదా అంతకన్నా తక్కువ ఉన్న మినియన్‌ను చంపుతుంది. షాడో వర్డ్ డెత్ అటాక్ 5 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నదాన్ని చంపుతుంది. సరిగ్గా 4 అటాక్ ఉన్న యెతి ఈ రెండింటి మధ్యలోంచి తప్పుకుంటుంది. అలాంటప్పుడు షాటర్డ్ సన్ క్లెరిక్ దిగేటప్పుడు మన మరో మినియన్‌కు ఇచ్చే +1/+1ను ఎవరి మీద పెట్టాలి? యెతి మీద పెడితే దాని అటాక్ 5 అయి, మనమే దాన్ని షాడో వర్డ్ డెత్ నోటికి అందించినట్టు. రాప్టర్ మీద పెడితే అది 4/3 అయి షాడో వర్డ్ పెయిన్ అందని చోటికి చేరుతుంది. వేరే ఏ క్లాసు ఎదురైనా పెద్ద మినియన్‌ను ఇంకా పెద్దది చేయడమే సహజంగా తోస్తుంది. ఇక్కడ మాత్రం చిన్నదానికి పెట్టాలి.

వారియర్, పాలడిన్, రోగ్ వంటి ఆయుధాలు పట్టే క్లాసులు ఎదురైతే ఆసిడిక్ స్వాంప్ ఊజ్ అక్కరకు వస్తుంది. దిగగానే ఎదుటివాడి ఆయుధాన్ని నాశనం చేస్తుంది. పాలడిన్ వాడే ట్రూసిల్వర్ చాంపియన్ కోసం దాన్ని దాచుకోవాలా, లేక రెండో టర్నులోనే దింపేయాలా అన్న సందిగ్ధం ప్రతిసారీ వస్తుంది. చేతిలో వేరే 2 మానా మినియన్ ఉంటే దాచండి, లేకపోతే దింపేయండి. వస్తుందో రాదో తెలియని ఆయుధం కోసం రెండో టర్నును ఖాళీగా వదులుకోవడం నష్టమే. ఊజ్ లేకపోయినా వాటర్ ఎలిమెంటల్ ఉంటే ఇంకొక దారి ఉంది. దానితో ఎదుటి హీరోను ప్రతి టర్నూ కొడుతూ ఉంటే ఆ హీరో ఫ్రీజ్ అవుతూ ఉంటాడు, ఆయుధం చేతిలో ఉండి కూడా వాడలేడు. హంటర్‌తో అయితే ఆలోచనే వేరు. వాడి హీరో పవర్ ప్రతి టర్నూ మన ముఖానికి 2 డ్యామేజ్ చేస్తుంది కాబట్టి ఆట సాగేకొద్దీ వాడికే లాభం. అక్కడ సెన్‌జిన్‌లను తొందరగా దింపి, తొందరగా ముగించాలి.

ముగించడం అంటే లెక్క ముందే తెలిసి ఉండాలి. ఫైర్‌బాల్ 6, ఫ్రాస్ట్‌బోల్ట్ 3, పింగ్ 1. మొత్తం 10 డ్యామేజ్‌కు 8 మానా. రెండు ఫైర్‌బాల్స్, ఒక పింగ్ అయితే 13 డ్యామేజ్, ఉన్న 10 మానా మొత్తం. అంటే ఎనిమిదో టర్ను దాటాక ఎదుటివాడి హెల్త్ 10కి దిగిందంటే, వాడి బోర్డు మీద ఎన్ని టాంట్ మినియన్లు ఉన్నా మనకు అనవసరం. అందుకే 15 హెల్త్ చేరేదాకా ట్రేడ్లు చేస్తూ, ఆ తరవాత ముఖం మీదికి మళ్లడం ఈ డెక్‌కు సరిపడే పద్ధతి. మొదటి నుంచీ ముఖం మీద కొట్టే డెక్ ఇది కాదు, ఆఖరిదాకా ట్రేడ్లే చేసే డెక్ కూడా కాదు.

ఈ డెక్ పరిమితులను దాచవలసిన అవసరం లేదు. కార్డులు తీసుకోవడానికి ఉన్నది ఆర్కేన్ ఇంటెలెక్ట్ ఒక్కటే, అందువల్ల ఆట పన్నెండో టర్ను దాటితే చెయ్యి ఖాళీ అవుతుంది. వార్‌లాక్ తన హీరో పవర్‌తోనే 2 మానాకూ 2 హెల్త్‌కూ ప్రతి టర్నూ ఒక కార్డు తీసుకుంటూ ఉంటే, మనం తీసిన కార్డును తీసినట్టు వేస్తూ ఉంటాం. ర్యాంకు పెరిగేకొద్దీ ఎదుటివాళ్ల ఒక్కో కార్డు మన రెండు కార్డుల పని చేస్తుంది, అప్పుడు ఎంత జాగ్రత్తగా ఆడినా సరిపోదు.

అక్కడికి చేరాక డస్ట్‌ను ఎలా వాడాలన్నది అసలు ప్రశ్న. ఒక ప్యాకు 100 గోల్డ్. అందులో అయిదు కార్డులు, కనీసం ఒకటి రేర్ లేదా అంతకన్నా మేలైనది. ఆ గోల్డ్ ప్రధానంగా రోజువారీ క్వెస్టుల వల్ల వచ్చేది. 2020 నవంబరు నుంచి క్వెస్టులు గోల్డ్‌కు బదులు అనుభవ పాయింట్లు ఇస్తాయి, వాటితో రివార్డ్స్ ట్రాక్ అనే బహుమతుల వరసలో ముందుకు వెళ్లేకొద్దీ గోల్డ్ దక్కుతుంది. అక్కరలేని కార్డును విరగ్గొడితే కామన్‌కు 5, రేర్‌కు 20, ఎపిక్‌కు 100, లెజెండరీకి 400 డస్ట్ వస్తాయి. అదే కార్డును తయారుచేసుకోవాలంటే వరసగా 40, 100, 400, 1600 పెట్టాలి. అంటే ఒక కామన్ కోసం ఎనిమిది కామన్‌లను, ఒక లెజెండరీ కోసం నాలుగు లెజెండరీలను బలిపెట్టాలి. ఈ మారకం రేటు చూశాక ఏ కార్డునూ ఆవేశంగా విరగ్గొట్టాలనిపించదు. మొదటి 1600 డస్ట్ పోగవగానే ఒక మెరిసే లెజెండరీని చేసుకోవడం కొత్తవాళ్లందరికీ ఉండే కోరిక. ఈ మేజ్ డెక్‌కు దానివల్ల వచ్చే లాభం చాలా తక్కువ, ఎందుకంటే ముప్పై కార్డులలో ఆ ఒక్కటి సగం ఆటలలో చేతికే రాదు.

దానికన్నా 80 డస్ట్‌తో రెండు హార్వెస్ట్ గోలెమ్‌లు చేసుకుని రేజర్‌ఫెన్ హంటర్లను తీసేయడం మేలు. 3 మానాకు 2/3, చచ్చాక 2/1గా మళ్లీ లేస్తుంది. రేజర్‌ఫెన్ హంటర్ 2/3తో పాటు 1/1 పందిని తెస్తుంది. ఆ పంది పింగ్‌కు పోతుంది, గోలెమ్‌ను మాత్రం రెండుసార్లు చంపాలి. ఆ తరవాత నేను ఖాళీగా వదిలిన 5 మానా దగ్గర రెండు అజ్యూర్ డ్రేక్‌లు, ఒక్కొక్కటి 100 డస్ట్. 4/4, దిగగానే ఒక కార్డు ఇస్తుంది, స్పెల్స్‌కు 1 డ్యామేజ్ అదనంగా చేరుస్తుంది. చెయ్యి ఖాళీ అయ్యే సమస్యకు అంతకన్నా సూటి జవాబు ఆ రోజుల్లో లేదు. 2017లో దాన్ని స్టాండర్డ్ (ఎంపికచేసిన సెట్ల కార్డులతోనే ఆడే పద్ధతి) నుంచి తప్పించేదాకా దాదాపు ప్రతి మేజ్ డెక్‌లోనూ అది కనిపించడానికి కారణం అదే.

2021 మార్చిలో బేసిక్ సెట్‌ను స్టాండర్డ్ నుంచి తీసేసి, దాని స్థానంలో 235 కార్డుల కోర్ సెట్‌ను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఫైర్‌బాల్ వంటి పాత కార్డులు కొన్ని అందులోకి వచ్చాయి, మిగిలినవి పాత కార్డులన్నీ చెల్లే వైల్డ్ పద్ధతికి పరిమితమయ్యాయి. కోర్ సెట్ ఏటా మారుతూ ఉంటుంది కాబట్టి నేను ఇచ్చిన జాబితాను యథాతథంగా స్టాండర్డ్‌లో కట్టడం ఇప్పుడు కుదరదు. 2020లో, కొత్తవాళ్ల కోసం ఉన్న అప్రెంటిస్ ర్యాంకులు దాటిన ఆటగాళ్లకు ఒక పూర్తి డెక్‌ను ఉచితంగా ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. దాన్ని వద్దనమని నేను చెప్పను. కానీ ఆ డెక్కులలో ఒక కార్డు వేస్తే మూడు జరుగుతాయి, ఆ మూడింటిలో దేనివల్ల గెలిచామో తెలియడానికే చాలాకాలం పడుతుంది. కొత్తలో కొన్నాళ్లైనా కోర్ కార్డులతో సొంతంగా ఒక డెక్ కట్టి ఆడండి: 2 మానా మినియన్లు ఆరు, 4 మానా దగ్గర గట్టి హెల్త్ ఉన్నవి నాలుగైదు, ఎదుటి మినియన్లను తీసేసే స్పెల్స్ ఎనిమిది, కార్డులు తీసుకోనిచ్చేవి రెండు మూడు. ఒక క్లాసు కోర్ కార్డులన్నీ చేతికి రావాలంటే ఆ క్లాసును పదో లెవెల్ దాకా తీసుకెళ్లాలి కాబట్టి, మొదట మేజ్‌ను పూర్తిచేసి, తరవాత హంటర్‌ను ఎత్తుకోండి. పింగ్‌కు అలవాటుపడిన చేతికి, మినియన్లను తాకలేని ఆ హీరో పవర్‌తో ఆడడం కొన్నాళ్లు వింతగానే ఉంటుంది.